జాగా ఎవరిది? బల్ల మీది యుద్ధంలో ప్రాణుల సైజు, గళ్ల లెక్క: సమగ్ర మార్గదర్శి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర వేసుకుని, డైస్ వేస్తూ ఆడే సాహసాల ఆట) ఆడే బల్ల మీద వాదనలు మంత్రాల దగ్గర కంటే గళ్ల దగ్గరే ఎక్కువ. "ఒరేయ్, నేను ఆ ఓగర్ రాక్షసుడి కాళ్ల సందులోంచి అవతలికి దూరిపోతా" అని ఒకరంటారు. "ఎలా దూరతావు, అది దారంతా నిండిపోయి ఉంటే?" అని పక్కవాడు. డీఎం (ఆట నడిపేవాడు) పుస్తకం తిరగేస్తుంటే పది నిమిషాలు పోతాయి, యుద్ధం చల్లారిపోతుంది. నిజానికి ఈ నియమాలు కొన్నే. కాకపోతే ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ చెదిరి ఉంటాయి. వాటన్నిటినీ ఒక వరుసలో పెట్టి, విశాఖపట్నంలో ఇంట్లో దొరికే సామానుతో బల్ల సిద్ధం చేసుకోవడం దగ్గర్నుంచి చెప్పడమే ఈ వ్యాసం పని.

ఆధారం 5వ ఎడిషన్, 2014 నియమాలు. 2024 సవరణలో మారినవాటిలో కొన్ని ఎక్కడికక్కడ చెప్పాం. ఒకే ఆటలో రెండూ కలిపితే లెక్క తప్పుతుంది, కాబట్టి మీ బల్ల ఏది వాడుతుందో మొదటి రోజే తేల్చుకోండి. 2014 నియమాల ముఖ్యభాగం 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతోంది. పుస్తకం కొనకుండానే మొదలుపెట్టవచ్చు.

జాగా అంటే ఒళ్లు కాదు

మనిషి 5 అడుగుల వెడల్పు ఉండడు. అయినా మీడియం ప్రాణికి 5 అడుగుల గడి ఇస్తారు. ఎందుకో తెలియాలంటే కబడ్డీ కోర్టు గుర్తు తెచ్చుకోండి. చేతులు చాపి, మోకాళ్లు వంచి నిలబడ్డ ఆటగాడి ఒళ్లు అడుగున్నర వెడల్పే. కానీ అతను కాపు కాసే మేర చాలా పెద్దది. రైడర్ ఆ మేరలోంచి ఊరికే నడిచిపోలేడు. యుద్ధంలో ప్రాణి జాగా కూడా అంతే. అది పోరాడుతూ తన అదుపులో ఉంచుకునే నేల. ఈ ఒక్క మాట పట్టుకుంటే కింద వచ్చే నియమాల్లో సగం మీకు మీరే ఊహించగలరు. 5 అడుగుల గుమ్మంలో ఒక్క హాబ్‌గోబ్లిన్ నిలబడితే, వాడు తప్పుకుంటే తప్ప మీరు లోపలికి వెళ్లలేరు. పక్కన ఖాళీ కనబడుతున్నా సరే.

సైజులు ఆరు. ఒక గడి 5 అడుగులు అనుకుంటే:

టైనీ: రెండున్నర అడుగులు, ఒక గడిలో నాలుగు పడతాయి. గుడ్లగూబ, ఎలుక, పిల్లి.
స్మాల్: ఒక గడి. హాఫ్‌లింగ్, గోబ్లిన్.
మీడియం: అదీ ఒక గడే. మనిషి, ఎల్ఫ్, ఓర్క్.
లార్జ్: 2×2, అంటే 4 గళ్లు. గుర్రం, ఓగర్, ట్రోల్.
హ్యూజ్: 3×3, 9 గళ్లు. హిల్ జెయింట్, అడల్ట్ డ్రాగన్.
గార్గాంటువన్: 4×4, 16 గళ్లు లేదా అంతకంటే ఎక్కువ. ఏన్షియంట్ డ్రాగన్, టరాస్క్.

స్మాల్, మీడియం రెండింటికీ ఒకే గడి కదా, మరి తేడా ఏముందని చాలామంది వదిలేస్తారు. తేడా ఉంది, అది యుద్ధం గెలిపించేంత తేడా. కింద జెట్టీ ఉదాహరణలో చూస్తారు.

గుర్రం నిజానికి పొడుగు ప్రాణి, 2×2 చదరం ఎందుకని అడిగేవాళ్లుంటారు. 2000లో వచ్చిన 3వ ఎడిషన్‌లో గుర్రానికి 5×10 అడుగుల పొడుగు జాగానే ఉండేది. మలుపు తిరిగినప్పుడు వెనక భాగం ఎటు పోయిందో తేల్చలేక తంటాలు పడ్డారు. 2003లో వచ్చిన 3.5లో అన్నిటినీ చదరం చేసేశారు. చదరమైతే ప్రాణి ఎటు తిరిగినా జాగా మారదు.

బల్ల, గళ్లు, బిళ్లలు

స్టేషనరీ షాపులో దొరికే పెద్ద చార్టు 22×28 అంగుళాలు. దాని మీద 1 అంగుళం గళ్లు గీస్తే 22×28 గళ్లు వస్తాయి, అంటే 110×140 అడుగుల మైదానం. 1 అంగుళం బొమ్మలు కొనుక్కున్నవాళ్లకు ఇది సరిపోతుంది. ఇంట్లో ఉన్న వస్తువులతో ఆడేవాళ్లకు మాత్రం మా సలహా 3.3 సెంటీమీటర్ల గడి. కారణం, పాత్రకు గుర్తుగా పెట్టుకునే క్యారమ్ బిళ్ల. దాని వ్యాసం 3.02 నుంచి 3.18 సెంటీమీటర్లు ఉంటుంది. అంగుళం గడిలో (2.54 సెం.మీ.) పెడితే అన్ని వైపులా బయటికి పొడుచుకొచ్చి పక్క గడిలో ఉన్నట్టు కనిపిస్తుంది. సగం తగాదాలకు మూలం ఇదే. 3.3 సెంటీమీటర్ల గడిలో కచ్చితంగా కూర్చుంటుంది. అదే చార్టు మీద 16×21 గళ్లు వస్తాయి, 80×105 అడుగులు. మామూలు పోరాటానికి ఎక్కువే. క్యారమ్ బోర్డు లోపలి కొలత సుమారు 74 సెంటీమీటర్లు కాబట్టి చార్టు దాని మీద పూర్తిగా పరుచుకుంటుంది, చుట్టూ చెక్క అంచు ఉండడంతో డైస్ కూడా కింద పడవు.

పెద్ద ప్రాణులకు గుండ్రటి బిళ్లలు వద్దు, చదరపు ముక్కలు కోయండి. గుండ్రటి బిళ్ల మూలల్లోని గళ్లు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఆటగాడు అక్కడ తన బిళ్ల పెట్టేస్తాడు. పాత శుభలేఖల అట్ట దీనికి బాగుంటుంది, మందంగా, గట్టిగా ఉంటుంది. 3.3 గడికి లార్జ్ 6.6, హ్యూజ్ 9.9, గార్గాంటువన్ 13.2 సెంటీమీటర్లు రావాలి. కోసేటప్పుడు ప్రతిదాన్నీ 3 మిల్లీమీటర్లు తగ్గించండి. లేకపోతే పక్కపక్కన పెట్టినప్పుడు ఒకదాన్నొకటి తోసుకుని మొత్తం వరుస జరిగిపోతుంది. గార్గాంటువన్ ఒక్కదానికి తొందరగా ఏదైనా కావాలంటే పాత సీడీ పెట్టుకోవచ్చు, 12 సెంటీమీటర్లు ఉంటుంది. మూలలు మాత్రం గుర్తుంచుకోవాలి.

విశాఖలో రెండు ఇబ్బందులు తప్పవు: గాలిలో తేమ, నెత్తి మీద ఫ్యాను. తేమకు చార్టు వారంలోనే అంచులు చుట్టుకుంటుంది. గళ్లు పర్మనెంట్ మార్కర్‌తో గీసి లామినేషన్ చేయించండి. పైన గోడలు, గుమ్మాలు వైట్‌బోర్డ్ మార్కర్‌తో గీసి, ఆట అవగానే తుడిచేయండి. రోజుల తరబడి వదిలేస్తే మరక పట్టేస్తుంది. అప్పుడు దాని మీదే మళ్లీ అదే మార్కర్‌తో గీసి తడి ఆరకముందే తుడిస్తే చాలావరకు పోతుంది. ఫ్యానుకు అట్టముక్కలు ఎగరకుండా ప్రతి ముక్క కింద డబుల్ టేపుతో ఒక రూపాయి బిళ్ల అంటించండి.

పెద్ద ప్రాణిని నడిపించడం

నాలుగు గళ్ల ప్రాణిని జరిపేటప్పుడు వచ్చే తప్పు ఒకటే. ముక్కు దగ్గర్నుంచి లెక్క మొదలుపెట్టి, తోక దగ్గర ఆపుతారు. దాంతో ప్రాణికి 5 అడుగులు ఉచితంగా దొరుకుతుంది, లేదా పోతుంది.

1. ప్రాణి జాగాలో ఒక మూల గడి ఎంచుకోండి. ఎప్పుడూ అదే మూల అయితే అలవాటవుతుంది. ఎడమ పై మూల అనుకోండి.
2. కదలిక అంతా ఆ మూల గడి ఎన్ని గళ్లు జరిగిందో చూసే లెక్కపెట్టండి. మిగతా గళ్లు దాని వెంట వస్తాయి.
3. ఒక్కో గడి జరిగినప్పుడల్లా కొత్తగా ఆక్రమించే గళ్లన్నీ చూడండి. ఒక్కదానిలో గోడ ఉన్నా ఆ అడుగు పడదు.
4. కొత్త గళ్లలో ఒక్కటి డిఫికల్ట్ టెరైన్ (నడక కష్టమైన నేల) అయినా ఆ గడికి రెట్టింపు ఖర్చు వేయండి, అంటే వేగంలోంచి (ఒక వంతులో నడవగల అడుగులు) 5 బదులు 10 పోతాయి. 5వ ఎడిషన్ దీన్ని విడమరచి చెప్పదు. 3.5లో మాత్రం ప్రాణి నిలబడ్డ గళ్లలో అన్నిటికంటే కష్టమైన నేల ఏదో దాని వేగంతోనే నడవాలని ఉంది. అదే పట్టుకుంటే వాదన ఉండదు.
5. గోడ మూల మీదుగా ఐమూలగా దాటకూడదు. పెద్ద ప్రాణి విషయంలో నాలుగు మూలలూ చూడాలి.

దూరం కొలిచేటప్పుడు, రీచ్ (దెబ్బ అందే దూరం) చూసేటప్పుడు మాత్రం మూల గడి కాదు, అవతలివాడికి దగ్గరగా ఉన్న గడి. అడల్ట్ రెడ్ డ్రాగన్ 3×3. దాని తోక రీచ్ 15 అడుగులు. అంటే జాగా అంచు నుంచి నాలుగు వైపులా 3 గళ్లు, మొత్తం 9×9 చదరం. అందులో తన 9 గళ్లు పోను 72 గళ్లలో ఎక్కడున్నా తోక తగులుతుంది. పంజా రీచ్ 5 అడుగులే, కోరల రీచ్ 10. సైజు పెరిగితే రీచ్ దానంతటదే పెరుగుతుందనుకోవడం మరో పొరపాటు. ఓగర్ లార్జ్ అయినా గద రీచ్ 5 అడుగులే. ప్రతి దెబ్బ పక్కనా రాసి ఉన్నదే ప్రమాణం.

చుట్టుముట్టే లెక్క సులువు. మీడియం చుట్టూ 8 గళ్లు, లార్జ్ చుట్టూ 12, హ్యూజ్ చుట్టూ 16, గార్గాంటువన్ చుట్టూ 20. తిరగేసి చూస్తే ఇంకా బాగుంటుంది: ఒక మీడియం మనిషిని ఆనుకుని ఎన్ని లార్జ్ ప్రాణులు నిలబడగలవు? గళ్లు లేకుండా ఆడేవాళ్లకు పుస్తకం అయిదు అంటుంది. గళ్ల మీద నాలుగే పడతాయి. అతన్ని ఆనుకునే 2×2 ముక్కలన్నీ అతని చుట్టూ ఉన్న 5×5 చదరంలోనే ఉండాలి, అందులో నాలుగుకు మించి ఇమడవు. నలుగురు ఓగర్లతో చుట్టుముట్టించే డీఎం అయిదోవాడికి జావెలిన్ ఇవ్వడం మంచిది.

ఒకరి జాగాలోంచి ఇంకొకరు

ఇక అసలు సంగతి. 2014 నియమం మూడు ముక్కల్లో చెప్పవచ్చు. శత్రువు కానివాళ్ల జాగాలోంచి దాటవచ్చు. శత్రువు జాగాలోంచి దాటాలంటే మీకూ వాడికీ సైజులో కనీసం రెండు మెట్ల తేడా ఉండాలి, పైకైనా కిందికైనా. ఎవరి జాగా అయినా డిఫికల్ట్ టెరైన్‌గానే లెక్క, కావాలని అక్కడ ఆగకూడదు.

2024లో కొంచెం సడలించారు. మిత్రుడు, ఇన్‌కెపాసిటేటెడ్ (ఏమీ చేయలేని స్థితి) అయినవాడు, టైనీ ప్రాణి, రెండు మెట్ల తేడా ఉన్న ప్రాణి, వీళ్లలో ఎవరి జాగాలోంచి అయినా దాటవచ్చు. మిత్రుడి జాగాకూ టైనీ ప్రాణి జాగాకూ రెట్టింపు ఖర్చు లేదు. ఎలాగో ఒకలా ఇంకొకరి జాగాలోనే మీ వంతు ముగిస్తే మీరు ప్రోన్ (నేల మీద పడిన స్థితి) అవుతారు. మీరు టైనీ అయినా, అవతలివాడి కంటే పెద్ద సైజు అయినా ఆ బాధ లేదు.

మెట్లు లెక్కపెట్టేటప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టండి. మనిషి మీడియం, ఓగర్ లార్జ్: ఒకే మెట్టు, దాటలేడు. మనిషి, హిల్ జెయింట్: రెండు మెట్లు, కాళ్ల మధ్యలోంచి పోవచ్చు. గోబ్లిన్, మనిషి: ఒక మెట్టు, కుదరదు. గోబ్లిన్, ఓగర్: రెండు మెట్లు, కుదురుతుంది. హాఫ్‌లింగ్‌లకు మాత్రం పుట్టుకతో వచ్చిన వరం ఉంది. తమకంటే ఒక్క మెట్టు పెద్దవాడైనా సరే వాడి జాగాలోంచి దూరిపోతారు.

ఆగకూడదు అన్న మాటను ముందే లెక్కలోకి తీసుకోవాలి. నడక మొదలుపెట్టాక "అయ్యో, వేగం సరిపోలేదు" అంటే ఎక్కడ ఆపాలి? మా పద్ధతి: అవతలి ఖాళీ గడి దాకా ఖర్చు మొత్తం కూడి నోటితో చెప్పాకే బిళ్ల ఎత్తాలి. చాలకపోతే ఆ నడక మొదలే కాదు. ఇంకో మెలిక: నడక మధ్యలో ఆగి దెబ్బ కొట్టి మళ్లీ నడవవచ్చు కాబట్టి, మిత్రుడి గడిలో నిలబడి కొట్టి వెనక్కి రావచ్చా? నడక అక్కడ ముగియలేదు కనుక 2014 మాటల ప్రకారం అడ్డు లేదని వాదించవచ్చు. ఒప్పుకోవద్దని మా అభిప్రాయం. ఒప్పుకుంటే ఒకే గుమ్మంలోంచి నలుగురు వంతులవారీగా కొడతారు, గుమ్మానికి అర్థమే ఉండదు.

జెట్టీ మీద ఓగర్

ఫిషింగ్ హార్బర్ లాంటి చోట, 10 అడుగుల వెడల్పున్న చెక్క జెట్టీ ఊహించుకోండి. రెండు గళ్ల వెడల్పు, వాటి పేర్లు ఏ, బీ. వరుసలకు అంకెలు. ఓగర్ 5, 6 వరుసల్లో ఏ, బీ రెండూ నింపేసి నిలబడ్డాడు. మన ఫైటర్ (కత్తి పట్టిన యోధుడు) ఏ4లో, హాఫ్‌లింగ్ రోగ్ (చాటుగా దెబ్బతీసే పాత్ర) బీ4లో. జెట్టీకి రెండు పక్కలా నీళ్లు.

ఫైటర్ దాటలేడు, ఒక మెట్టే తేడా. రోగ్ స్మాల్, ఓగర్ లార్జ్, రెండు మెట్లు. హాఫ్‌లింగ్ వరం అక్కర్లేకుండానే దాటగలదు. అదే చోట స్మాల్ సైజు నోమ్ ఒకడు ఉన్నా దాటేవాడే. స్మాల్‌కూ మీడియంకూ తేడా లేదన్నవాళ్లకు జవాబు ఇది.

ఖర్చు కూడదాం. బీ5: రెట్టింపు, 10 అడుగులు. బీ6: ఇంకో 10. బీ7: ఖాళీ గడి, 5. మొత్తం 25. 2014లో హాఫ్‌లింగ్ వేగం సరిగ్గా 25. ఒక్క అడుగు మిగలదు, ఒక్క అడుగు తగ్గదు. 2024లో వేగం 30 కాబట్టి 5 మిగులుతుంది, కానీ దాన్ని వాడి బీ8కి వెళ్లడం తప్పు. ఎందుకంటే ఓగర్ రీచ్ 5 అడుగులు. రోగ్ ఓగర్ ఒంటి కిందుగా పోయి బీ7లో ఆగినంతవరకూ ఆ రీచ్ దాటి బయటికి రాలేదు, కాబట్టి ఆపర్చునిటీ అటాక్ (రీచ్ దాటిపోయేవాడి మీద పడే దెబ్బ) లేదు. బీ8లో కాలు పెట్టిన క్షణం గద నెత్తిన పడుతుంది. శత్రువు జాగాలోకి వెళ్లడం వల్ల దెబ్బ పడదు. రీచ్ లోంచి బయటికి వెళ్లడం వల్ల పడుతుంది.

ఇప్పుడు ఓగర్‌కు ముందు ఫైటర్, వెనక రోగ్. ఓగర్ పక్కనే ఫైటర్ ఉన్నాడు కాబట్టి రోగ్‌కు స్నీక్ అటాక్ (రోగ్‌కు దొరికే అదనపు దెబ్బ) దొరుకుతుంది. మీ బల్ల ఫ్లాంకింగ్ (శత్రువును రెండు వైపులా చుట్టడం) అనే ఐచ్ఛిక నియమం వాడుతుంటే ఇద్దరికీ అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం) కూడా. ఫ్లాంకింగ్ తేల్చడానికి ఇద్దరి గళ్ల నడిమి బిందువుల మధ్య దారం పట్టండి. అది ఓగర్ జాగా ఎదురెదురు అంచులను గానీ ఎదురెదురు మూలలను గానీ దాటితే చాలు. ఏ4 నుంచి బీ7కు దారం కొంచెం వాలుగా వెళ్లినా పై అంచులో దూరి కింది అంచులో బయటపడుతుంది. కుదిరినట్టే.

బీ7లో ఒక గోబ్లిన్ ఉంటే? రోగ్ బీ6 నుంచి ఐమూలగా ఏ7కు దిగవచ్చు, ఖర్చు అంతే. ఏ7, బీ7 రెండింటిలోనూ గోబ్లిన్లుంటే నడక మొదలవదు. దిగడానికి చోటు లేదు.

ఇక ఓగర్ వంతు. ఫైటర్ ఒక్కడే ఏ4లో ఉండి, బీ4 ఖాళీ అయితే దారి మూసుకుపోయినట్టా? కాదు. ఇక్కడే ఫైటర్లు మోసపోతారు. ప్రాణి తనకంటే ఒక మెట్టు చిన్న ప్రాణికి సరిపడే సందులోంచి ఇరుక్కుని వెళ్లగలదు. లార్జ్ ఓగర్‌కు 5 అడుగుల సందు చాలు. ప్రతి అడుగుకూ ఒక అడుగు అదనపు ఖర్చు, కాబట్టి 40 అడుగుల వేగం 20 అవుతుంది. ఇరుక్కుని ఉన్నంతసేపూ దాని దెబ్బలకూ, చురుకుగా తప్పించుకునే పరీక్షలైన డెక్స్‌టెరిటీ సేవ్‌లకూ డిస్‌అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవడం), దాని మీద పడే దెబ్బలకు అడ్వాంటేజ్. అయినా ఫైటర్‌ను దాటి వెనకున్న విజర్డ్ (మంత్రగాడు) మీద పడిపోగలదు. 10 అడుగుల దారి మూయాలంటే ఇద్దరు కావాలి, ఏ4లో ఒకరు, బీ4లో ఒకరు.

లేదా ఫైటర్ మీద ఎన్‌లార్జ్ మంత్రం వేయాలి. ఒక నిమిషం పాటు అతను లార్జ్ అయి ఏ, బీ రెండూ నింపేస్తాడు, బరువు 8 రెట్లు. కానీ పెరగడానికి చోటుండాలి. పక్కన బీ4లో క్లెరిక్ (పూజారి పాత్ర), వెనక బీ3లో విజర్డ్ నిలబడి ఉంటే ఉన్న చోటులో ఎంత కుదిరితే అంతే పెరుగుతాడు. ఏ వైపు పెరుగుతాడో నియమం చెప్పదు. పాత గడి కొత్త జాగాలో ఉండేలా, మంత్రం వేసినవాళ్లే ఎంచుకుంటారని ముందే అనుకోండి. అలా పెరిగాక స్నేహితులు అతని జాగాలోంచి దాటవచ్చు. 2014లో రెట్టింపు ఖర్చుతో, 2024లో మామూలుగా. రీచ్ మాత్రం పెరగదు.

ఇరుకు దారుల్లో

హ్యూజ్ ప్రాణి 10 అడుగుల దారిలో ఇరుక్కుని వెళ్తుంది, 5 అడుగుల దారిలో అసలు వెళ్లదు. లార్జ్ ప్రాణి ఇరుకులోనూ, డిఫికల్ట్ టెరైన్‌లోనూ ఒకేసారి ఉంటే అడుగుకు మూడు అడుగుల ఖర్చు. అదనాలు కూడతాయి, హెచ్చవేయబడవు. 40 వేగం ఉన్న ఓగర్ రెండు గళ్లు వెళ్లి (30 అడుగులు) ఆగిపోతాడు.

మీడియం మనిషి సంగతే చిక్కు. ఒక మెట్టు కింద స్మాల్, దాని జాగా కూడా 5 అడుగులే. అక్షరాలా చదివితే మూడడుగుల సందులో మనిషి దూరలేడు! ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి చూసినవాళ్లెవరూ దీన్ని ఒప్పుకోరు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలు ముందు పెట్టి దూరే వెళ్తాం. అలాంటి చోట స్మాల్, మీడియం ప్రాణులకూ ఇరుకు నియమమే వర్తిస్తుందని, రెండున్నర అడుగుల వెడల్పు దాకా కుదురుతుందని డీఎం ప్రకటించడం మంచిది. కుర్సురా పొడవు 91.3 మీటర్లు, అంటే సుమారు 300 అడుగులు, 60 గళ్లు. అంత పొడుగు బల్ల ఎవరింట్లోనూ ఉండదు కానీ, దానిలో మూడు గదులు చాలు, ఇరుకు యుద్ధం నేర్చుకోవడానికి అంతకు మించిన పటం లేదు. ప్రతి గుండ్రటి తలుపూ ఒక గుమ్మం, గుమ్మంలో ఉన్నవాడి మీద అడ్వాంటేజ్.

బ్లాక్ పుడింగ్ లాంటివి అంగుళం సందులోంచి కూడా ఇరుక్కోకుండానే జారిపోతాయి. వాటికి తలుపు వేయడం దండగ.

నిజంగా ఒకే గడిలో ఇద్దరు

మామూలుగా కుదరని ఈ పని కుదిరే చోట్లు కొన్ని ఉన్నాయి.

గుంపులు. ఎలుకల గుంపు ఒక మీడియం ప్రాణి కింద లెక్క, లోపల ఉన్నవి టైనీ ఎలుకలు. అది మీ గడిలోకి వస్తుంది, మీరూ దాని గడిలోకి వెళ్లవచ్చు. 2014 లెక్కలో దాని కాటు రీచ్ 0 అడుగులు, అంటే మీ గడిలోకి రాకుండా కరవలేదు. దీని ఫలితం చాలామంది మరిచిపోతారు: ఆ గడిలోంచి బయటికి అడుగు వేస్తే దాని రీచ్ దాటినట్టే, ఆపర్చునిటీ అటాక్ పడుతుంది. బయటి గడి ఖాళీ అయితే నడక ఖర్చు మాత్రం మామూలే. రెట్టింపు పడేది ఇంకొకరి జాగాలోకి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు కాదు. గుంపు బిళ్ల మీద మీ బిళ్ల పెట్టండి, పక్కన కాదు.

జెలటినస్ క్యూబ్. 10 అడుగుల పారదర్శకమైన జున్నుముక్క అనుకోండి. మిగతా ప్రాణుల్లా కాక తన జాగాను నిజంగానే నింపేస్తుంది. మీరే లోపలికి అడుగు పెడితే మింగేసే దెబ్బకు సేవ్ డిస్‌అడ్వాంటేజ్‌తో వేయాలి. లోపల ఒక లార్జ్ ప్రాణి, లేదా నలుగురు మీడియం, అంతకంటే చిన్నవాళ్లు పడతారు. లోపలివాళ్లకు ఊపిరాడదు, క్యూబ్ ప్రతి వంతు మొదట్లో 6డీ6 (ఆరు ముఖాల డైస్ ఆరు వేసి కూడినంత) యాసిడ్ దెబ్బ. బయటివాళ్లు లాగాలంటే డీసీ 12 స్ట్రెంగ్త్ చెక్ (12 లేదా అంతకంటే ఎక్కువ రావాల్సిన బల పరీక్ష), లాగినవాడికి 3డీ6 యాసిడ్. మింగినవాళ్ల బిళ్లలను క్యూబ్ అట్టముక్క మీద ఎక్కించి, క్యూబ్‌తో పాటే జరపండి.

గుర్రమెక్కినవాళ్లు. వాహనం రౌతు కంటే కనీసం ఒక మెట్టు పెద్దది కావాలి, ఎక్కడానికి సగం వేగం ఖర్చు. 2×2 గుర్రం మీద రౌతు ఏ గడిలో ఉన్నాడు? నియమం తేల్చదు. నాలుగు గళ్లలోనూ ఉన్నాడనుకుంటే 5 అడుగుల కత్తితో చుట్టూ 12 గళ్లు కాపు కాస్తాడు, అది మరీ ఎక్కువ. ప్రతి వంతులో ఒక గడి ఎంచుకుని అందులో బిళ్ల పెట్టమనడం మాకు న్యాయంగా తోస్తుంది.

భుజం మీద గుడ్లగూబ. ఇంకొకరి జాగాలో ఆగకూడదన్న నియమం టైనీకి కూడా వర్తిస్తుంది. కాబట్టి దాన్ని మోస్తున్న సామానుగా పరిగణించి, దాని వంతులో అక్కడి నుంచే ఎగరనివ్వండి. ఫైర్‌బాల్ (అగ్గిగోళం మంత్రం) పడితే మాత్రం అదీ సేవ్ వేయాలి.

పట్టుకోవడం, ఎక్కడం. గ్రాపుల్ చేయాలంటే అవతలివాడు మీకంటే ఒక మెట్టుకు మించి పెద్దవాడు కాకూడదు. మనిషి ఓగర్‌ను పట్టుకోగలడు, హిల్ జెయింట్‌ను పట్టుకోలేడు. పట్టుకుని లాగేటప్పుడు వేగం సగం, అవతలివాడు రెండు మెట్లు చిన్న అయితే తగ్గదు. లాగిన ఓగర్ నాలుగు గళ్లూ కొత్త చోట పట్టాలి, లేకపోతే లాగుడు అక్కడితో ఆగిపోతుంది. పట్టుకోలేనంత పెద్దదాని మీదికి ఎక్కడానికి వేరే ఐచ్ఛిక నియమం ఉంది: అథ్లెటిక్స్ లేదా అక్రోబాటిక్స్‌తో దాని అక్రోబాటిక్స్ నైపుణ్య పరీక్ష మీద గెలిస్తే దాని జాగాలోకి వెళ్లి అంటిపెట్టుకుంటారు, దాని మీద దెబ్బలకు అడ్వాంటేజ్. డ్రాగన్ ఎగిరితే మీరూ ఎగురుతారు, అది గుర్తుంచుకుని ఎక్కండి.

పైనుంచి పడటం. 2020లో వచ్చిన ఐచ్ఛిక నియమం ప్రకారం, టైనీ కాని ఇద్దరిలో ఒకరు ఇంకొకరి జాగాలో పడితే, కిందివాడు డీసీ 15 డెక్స్‌టెరిటీ సేవ్ వేయాలి. తప్పితే పడిన దెబ్బ ఇద్దరికీ సమానంగా పంచుతారు, కిందివాడు ప్రోన్ అవుతాడు. వాడు పడినవాడి కంటే రెండు మెట్లు పెద్దవాడైతే ప్రోన్ కాడు.

శవాలు వస్తువుల కింద లెక్క. వాటి గడిలో నిలబడవచ్చు. స్పృహ తప్పిన మిత్రుడు మాత్రం ఇంకా ప్రాణే. దాటవచ్చు, మీద నిలబడకూడదు.

మంత్రాలు, చాటు

పెద్ద ప్రాణి జాగాలో ఒక్క గడి ఫైర్‌బాల్‌లో పడినా దెబ్బ మొత్తం తగులుతుంది, ఒక్కసారే. నాలుగు గళ్లు పడ్డాయని నాలుగుసార్లు వేయరు, ఒక గడే పడిందని తగ్గించరు. మంత్రం మొదలయ్యే బిందువును గళ్ల కూడలి మీద పెట్టండి, వలయం కనీసం సగం కప్పిన గడి లోపల ఉన్నట్టు. 3.3 సెంటీమీటర్ల గడికి 20 అడుగుల వ్యాసార్ధం 13.2 సెంటీమీటర్లు. గాజుల వైరు అంత చుట్టి ఒక రింగు చేసి పెట్టుకుంటే ప్రతిసారీ కొలవనక్కర్లేదు.

ఇద్దరి మధ్య ఇంకో ప్రాణి ఉంటే హాఫ్ కవర్ (సగం చాటు), ఏసీకి (దెబ్బ తగలడానికి డైస్ చేరాల్సిన అంకె) 2 కలుస్తుంది. ఆ ప్రాణి మిత్రుడైనా శత్రువైనా ఒకటే. తేల్చడానికి కొట్టేవాడి గడి మూల ఒకటి ఎంచుకుని, లక్ష్యం ఉన్న ఏదైనా ఒక గడి నాలుగు మూలలకూ గీతలు ఊహించండి. ఒకటి రెండు గీతలు ఆగితే సగం చాటు, మూడు నాలుగు ఆగితే ముప్పాతిక చాటు, ఏసీకి 5. లక్ష్యం లార్జ్ అయితే దాని నాలుగు గళ్లలో మీకు అనుకూలమైనదే ఎంచుకోవచ్చు. అందుకే మనుషుల వెనక ఓగర్ దాక్కోవడం కష్టం, ఓగర్ వెనక మనిషి దాక్కోవడం సులువు.

ఎత్తు గురించి నియమాలు పెద్దగా చెప్పవు. జాగాను ఘనంగా తీసుకోండి: లార్జ్ అంటే 10 అడుగుల ఎత్తు, హ్యూజ్ 15. ఎగిరే ప్రాణి బిళ్ల పక్కన ఒక డైస్ పెట్టి, పైన కనిపించే అంకెను 5తో హెచ్చవేసి అడుగుల్లో ఎత్తు చదవండి. ఓగర్ నెత్తి మీదుగా 10 అడుగుల ఎత్తున ఎగిరే గ్రిఫిన్ దాని జాగాలో లేదు, కానీ దాని గద రీచ్‌లో ఉంది.